బతికున్న తాతకు ‘కీర్తిశేషులు’

ఫ్యాను చప్పుడుకు నా గొంతు మీ దాకా రావడం లేదు, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. సుజాత సంగతి చెబుతాను.

బెంగళూరు పక్కన వర్తూరులో అశ్వత్థప్పకు పెండ్లిపత్రికల అంగడి ఉంది. అందులో కంప్యూటరు ముందు కూర్చునే పిల్ల సుజాత. వాళ్లమ్మ ఇప్పటికీ సర్జాపుర రోడ్డులో అపార్టుమెంట్లకు ఇటుకలు మోస్తోంది. సుజాతకు ఆ కుర్చీ దొరికి మూడు నెలలే.

ఆమెకు ముందు పనిచేసిన నవీన్ వేగం కోసం ఆటో కంప్లీటులో ఒక ఉపాయం పెట్టిపోయాడు. ‘మను’ అని కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, ‘కీర్తిశేషులు శ్రీ’ అని మొదలై ‘గారి మనుమరాలు’ దాకా వరుసంతా పరుచుకుంటుంది. నడుమ పేరు నింపుకోవడమే. పెండ్లీడు పిల్లల తాతలు చాలావరకు పోయినవాళ్లే అని వాడి లెక్క. శుభకార్యానికి వచ్చినవాళ్లను మీ పెద్దాయన ఉన్నాడా, పోయాడా అని నోరు తెరిచి ఎవరడుగుతారు? నాగరాజు అనే ఆయన తన కూతురి పెండ్లికి పేర్లు రాసిచ్చినప్పుడు సుజాత కూడా అడగలేదు, ‘మను’ కొట్టేసింది.

మర్నాడు ప్రూఫు చూడటానికి నాగరాజు వెంట వాళ్ల నాయన పెద్దమునియప్పే వచ్చాడు. ఎనభై దాటిన మనిషి. కాగితం కళ్లకు ఆనించుకుని చదివాడు.

“ఏమ్మా, నేనెప్పుడు సచ్చిపోతి? నాకే తెలీకపాయ!”

సుజాత ప్రూఫు కాగితం అందుకుంది. “అడగడానికి నోరు రాలేదు తాతా. మిషన్ పెట్టిందే నిజమనుకున్నా.”

నాగరాజు ఎగిరిపడ్డాడు. “శుభమా అని పత్రిక కొట్టించుకుంటుంటే ఇదేం పనప్పా, అశ్వత్థప్పా?”

సాయంత్రం రమ్మని వాళ్లను బతిమాలి పంపి, అశ్వత్థప్ప సుజాత వైపు తిరిగాడు. “ఆ ఆటో కంప్లీటు ఆఫ్ చెయ్. లేదంటే జిరాక్సు కాడ నిలబడు, నవీన్‌ని మళ్లీ పిలుస్తా.”

“ఆఫ్ చేస్తే దినానికి రెండు పత్రికలు కూడా కావన్నా. అప్పుడూ నన్ను జిరాక్సు కాడికే పంపుతారు. లిస్టునే బాగు చేస్తా, టైమియ్యండి.”

“అయిదు గంటల దాకా. అయిదున్నర కాదు.”

ఆ సెట్టింగులు ఎక్కడుంటాయో ఆమె ఏనాడూ చూడలేదు. ఒక్కో మెనూ తెరిచింది, మూసింది. ఎట్టకేలకు నవీన్ జాబితా దొరికింది. అరవై మూడు వరుసలు! అన్నం డబ్బా మూత తీయలేదు. ఒక్కొక్కటీ చదివి, అక్కరలేనివి చెరిపేసింది. ‘మను’ వరుసలోంచి ‘కీర్తిశేషులు’ తీసేసి, ఆ మాటకు వేరే గుర్తు పెట్టింది, కావాలని కొడితేనే వచ్చేటట్టు. అయినా ఏ గుర్తు కొట్టాలో మిషన్‌కేం తెలుసు? మనిషినే అడగాలి. ఎలా అడగాలా అని మాత్రం చాలాసేపు ఆలోచించింది.

అయిదింటికి వాళ్లు వచ్చారు. సుజాత లేచి నిలబడి అడిగింది. “తాతా, పెండ్లికూతురి మీద మొదటి అక్షింతలు ఎవరివి?”

“నావే! నాకంటే పెద్దోళ్లు ఇంకెవరుండారు?”

ఉన్నారా, పోయారా అని అడక్కుండానే ఆ జవాబులో సంగతి తేలిపోయింది. సుజాత ‘మను’ కొట్టింది. శుభ్రమైన వరుస వచ్చింది, పేరు నింపింది. ముసలాయన తెర మీదికి వంగాడు. “చెరిపేసి ఇంకోసారి కొట్టు, చూస్తా.” మళ్లీ కొట్టింది. మళ్లీ శ్రీ పెద్దమునియప్ప గారే.

“ఇప్పుడు బతికినా!” అన్నాడు. నాగరాజుకు కూడా నవ్వాగలేదు.

అశ్వత్థప్ప గొంతు సవరించుకున్నాడు. “రేపు పొద్దున ఇంకో రెండు పార్టీలు వస్తాయి. అక్షింతల మాట అడిగి కొట్టు. కుర్చీలో కూసో, నిలబడినావేం?”

ఈ మాట గుర్తుపెట్టుకోండమ్మా. మీ ఇండ్లలో ఎవరైనా కొత్తగా అలాంటి కుర్చీలో కూర్చుంటే, సుజాత ఏం చేసిందో నేను చెప్పినట్టే కూర్చోబెట్టి చెప్పండి.