కొంగులో తెల్ల కారు

ప్రతి మంగళవారం లాగే ఓబుళప్ప ధర్మవరంలో ఎనిమిది గంటల బస్సెక్కి, పెనుకొండ పోలీసు స్టేషన్లో ఒక కాగితం మీద ముద్ర వేయించుకుని, మధ్యాహ్నానికి హిందూపురం ఇన్సూరెన్స్ ఆఫీసుకు చేరాడు. మూడు నెలలుగా ఇదే తిరుగుడు. ఇంటిల్లిపాదికీ కూడు పెట్టే టాక్సీ షెడ్డులో నుజ్జయి పడి ఉంది.

తప్పు తమ వైపూ లేకపోలేదు. పెనుకొండ దగ్గర లారీ ఒరుసుకుని పోయి, కారు డివైడర్ను గుద్దుకున్న మర్నాడే, కీడు పోవాలని వాళ్లవ్వ గుమ్మడికాయ దిష్టి తీయించి, కారును పసుపునీళ్లతో తోమి తోమి కడిగించింది. కారుకంటిన లారీ రంగు కాస్తా పోయింది. సాయంత్రం వచ్చిన ఇన్సూరెన్స్ సర్వేయరు కుంకుమ బొట్లకు మాత్రం ఫొటో తీసుకుపోయాడు.

"లారీ అంటావు, దాని గుర్తు యాడుండాదప్పా?" అన్నాడు ఆఫీసులో క్లెయిములు చూసే మనోహర్. "నిద్దరపోయి డివైడర్ను గుద్దినానని రాసియ్యి. ఎంతో కొంత వస్తాది."

"ఇంట్లో అడిగి చెప్తా సార్."

ప్రతి వారం అదే మాట విని విని, నిజంగానే నిద్రపోయానేమోనని ఓబుళప్పకే అనుమానం పట్టుకుంది. ఆ రోజు వెనక సీట్లో ఉన్న భార్య వెంకటక్క కునుకు తీస్తోంది కాబట్టి సాక్ష్యం లేదు. ఆమె మణికట్టు విరిగింది. ఆ చెయ్యి చూస్తే అతనికి అన్నం దిగదు. పడుకున్నా కళ్లు మూయాలంటే భయం.

ఇంటికొచ్చేసరికి మగ్గం చప్పుడు. కట్టు విప్పిన వెంకటక్క మూడు నెలల తర్వాత ఆ పొద్దే నేతకు కూర్చుంది. ఇంట్లో జరిగిందాన్ని ఆమె మగ్గం తనంతట తానే చీర కొంగులో నేసేస్తుందని వీధిలో అందరికీ తెలుసు. నిరుడు పాలు పొంగిపోతే జరీలో పాలగిన్నె వచ్చింది; ఆ చీరా ఎప్పటి ధరకే అమ్ముడుపోయింది.

"సంతకం పెట్టేస్తా. నాకింక ఓపిక లేదు," అన్నాడు ఓబుళప్ప.

"ముందు ఈడ చూడు," అంది వెంకటక్క.

కొంగులో తెల్ల కారు, దాన్ని ఒరుసుకుంటూ లారీ. కారులో స్టీరింగు పట్టుకున్న మనిషి. ఆవగింజంత కళ్లు, రెండూ తెరిచే ఉన్నాయి. ఓబుళప్ప మగ్గం పక్కనే కూలబడి ఏడ్చాడు.

చీర మగ్గం దిగాక వచ్చిన మంగళవారం, మనోహర్ దాన్ని బల్ల మీద పరిచి చాలాసేపు చూశాడు.

"దీనికి జిరాక్స్ తెచ్చినావా?" అని అడిగాడు నీరసంగా.

తెచ్చాడు. మనోహర్ దాన్ని ఫైల్లో పెట్టి, అందులో తాను ముందే 'నిద్ర' అని రాసి పెట్టుకున్న వాక్యం కొట్టేశాడు. ఇంకో రెండు కాగితాలు కావాలన్నాడు. ఓబుళప్ప సరేనని చీర మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. పెనుకొండ వచ్చిందీ, పోయిందీ ఎరగడు.