నిండా పోసిన టీ

ఐజిరెక్ రెండు చేతులూ ఇస్త్రీ పనిలో ఉన్నాయి. మేస్త్రీ కుబానిచ్ వెనకనుంచి వచ్చి ఆమె చొక్కాలో చెయ్యి పెట్టాడు. నేను చూశాను. బిష్కెక్ నగర శివార్లలోని మా షెడ్డులో నలభై కుట్టుమిషన్లలో ఒక్కటీ ఆగలేదు.

ఆ పిల్ల ఊరుకోలేదు, ఫిర్యాదు చేసింది. యజమాని పేట పెద్దల పంచాయితీ పెట్టించాడు. తెల్ల టోపీల మగవాళ్ళు ఆరుగురు. ఆడవాళ్ళ తరఫున నన్ను వేశారు. ఒక ఆడది ఉంటే న్యాయం జరిగినట్టేనని మురిసిపోయాం, అంత అమాయకులం. నన్ను కూర్చోబెట్టింది గుమ్మం పక్కన, కెటిల్ దగ్గర.

మేస్త్రీది చనువే తప్ప చెడుబుద్ధి కాదన్నారు. పిల్ల రేపు అందరి ముందూ అతన్ని క్షమాపణ అడగాలి, లేదా పని మానుకోవాలి. ఆరు చేతులు లేచాయి. అందరూ నావైపు చూశారు. నా చెయ్యీ లేచింది. కార్మికులారా, చదువుకునే పిల్లలారా, ఆ సిగ్గుమాలిన చెయ్యి సంగతి మీ దగ్గర దాచను.

భోజనాల దగ్గర గుడ్డ కత్తిరించే మగవాళ్ళ పక్కన కూర్చుని మా ఆడవాళ్ళే పకపకా నవ్వారు, ఆ పిల్ల వాలకమే అంత అని. అదే ఆడవాళ్ళు దారాల గదిలో మేం మేమే మిగిలాక ఏడ్చారు. కుబానిచ్ చెయ్యి పడనిది ఒక్కతీ లేదు.

"నువ్వు చూశావుగా సైరక్కా, మరి చెయ్యెందుకెత్తావ్?" అంది ఐజిరెక్.

"వాళ్ళు ఆరుగురు. నేనొక్కదాన్నే."

"నేనూ ఒక్కదాన్నేగా అక్కా."



మర్నాడు షెడ్డులోనే పెద్దలు, వాళ్ళ పక్కన కుబానిచ్, బల్ల చుట్టూ కూర్చున్నారు. ఐజిరెక్ తల వంచుకుని నిలబడింది. ఆమె జీతం మీదే తల్లీ ఇద్దరు తమ్ముళ్ళూ బతకాలి. మా దగ్గర అతిథికి టీ గిన్నెలో సగమే పోస్తాం, మళ్ళీ మళ్ళీ పొయ్యడానికి. నిండా పోస్తే తాగి లేవమని. నేను పెద్దాయన అసన్‌బెక్ గిన్నె అంచుదాకా నింపాను.

"చెయ్యి వణికిందా అమ్మాయ్?"

"లేదు తాతా. నిన్న వణికింది."

మిషన్లు ఆగిపోయాయి. నా పక్క మిషన్ మీద కుట్టే గుల్షైర్ వచ్చి నా చేతిలోంచి కెటిల్ తీసుకుని రెండో గిన్నె నింపింది. మూడోది ఇంకొకతె. కుబానిచ్ గిన్నె ఐజిరెక్ నింపింది, పొంగి బల్లమీద పారేదాకా. క్షమాపణ మాట ఎవరూ ఎత్తలేదు. పెద్దలు లేచి వెళ్ళిపోయారు.

సాయంత్రానికి యజమాని ఆడవాళ్ళందరినీ బయటికి గెంటి గేటుకు తాళం వేశాడు. రేపు పొయ్యి ఎలా వెలుగుతుందో ఒక్కరికీ తెలియదు. నాకు భయంగానే ఉంది. చలిలో గేటు ముందే కూర్చున్నాం.

"సగంమంది ఆడవాళ్ళున్న పంచాయితీ మళ్ళీ కూర్చోవాలి. అందాకా కదలం. ఎవరు సరేనంటారు?" అని గుల్షైర్ అడిగింది.

ఈసారి నేను ఎవరి మొహమూ చూడకుండా చెయ్యెత్తాను.