రాత్రి సర్దుకునే మడతలు

దుప్పటి ఒక మూలను చెక్క క్లిప్పు నోటికిచ్చి, రెండో మూలను కుడిచేత్తో లాగి, మధ్యలో గడ్డంతో అదిమిపట్టి, అందరూ అరపూట అని పిలిచే అతను ఆ ఉదయం తొలి మడత వేశాడు. ఆ క్లిప్పు బట్టలారేసుకునే మామూలు క్లిప్పే. బల్ల అంచుకు అతనే మేకుతో బిగించుకున్నాడు. అదే అతని ఎడమచెయ్యి. అసలు ఎడమచేతికి బొటనవేలు, చిటికెనవేలు మాత్రమే మిగిలాయి. మధ్య మూడింటినీ ఈ ఆస్పత్రి లాండ్రీలోనే, గోడకు అవతల ఆవిరి కక్కే ఇస్త్రీ రోలరు ఎప్పుడో మింగేసింది.

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ అది ఎవరి నోటా ఆడదు. అరపూట పనిచేస్తాడు కాబట్టి అరపూట. పూర్తి పూట చేస్తే అంగవైకల్య పింఛను ఆగిపోతుంది. అది నియమం. "పోయిన వేళ్ళకి పింఛను, ఉన్న వేళ్ళకి జీతం" అని అతనే నవ్వుతూ చెప్పుకుంటాడు. నిజానికి ఇల్లు నిలబడింది పింఛను మీదే. జీతం కూరలో ఉప్పులాంటిది. అది లేకపోయినా కడుపు నిండుతుంది, కానీ తిన్నట్టుండదు.

బల్లకు అటువైపు అక్క మడతలు వేస్తోంది. సొంత అక్క కాదు. జుట్టు సగం నెరిసిన ఆ మనిషిని లాండ్రీలో అందరూ అక్కే అంటారు. ఆమె చేతుల్లో దుప్పటి చెప్పినమాట వింటుంది. అరపూట చేతుల్లో మాత్రం కాస్త మొరాయిస్తుంది. అయినా అతనికి బెంగ లేదు. నిన్నటి దొంతర గోడవారగా అలమరలో ఉంది, వార్డులకు వెళ్ళే బండి కోసం ఎదురుచూస్తూ. అంచుకు అంచు, మూలకు మూల, సున్నం వేసిన గోడలా ఉంది.

"చూశావా అక్కా! నిన్న వేసేటప్పుడు కొంచెం వంకరగా వచ్చాయేమో అనుకున్నా. ఇప్పుడు చూడు."

"రాత్రంతా బరువు మీద ఉంటాయి కదరా. తెల్లారేసరికి సర్దుకుంటాయి" అంది అక్క, తల ఎత్తకుండా.

ఈ మాట ఆమె ఎన్నాళ్ళ నుంచో చెబుతోంది. అతనికి అది చాలా నచ్చిన మాట. మనిషి కూడా పడుకుని లేస్తే సర్దుకుంటాడు కదా, బట్టకేం తక్కువ అనుకుంటాడు. లాండ్రీ మేస్త్రీ పొద్దున్నే వచ్చి దొంతర మీద అరచెయ్యి వేసి "బాగుంది" అన్నప్పుడల్లా అరపూట ఛాతీ ఒక అంగుళం పెరుగుతుంది. అందులో సగం తన పనే మరి.

మధ్యాహ్నం గంట కొట్టగానే అలవాటు ప్రకారం బయటికి నడిచాడు. గంట దాటాక అతను ఈ గదిలో ఎప్పుడూ లేడు. మేస్త్రీ ఉండనివ్వడు. అయితే ఇవాళ ఇంటికి కాదు, పింఛను ఆఫీసు డాక్టరు దగ్గరికి. కొన్నేళ్ళకోసారి పిలిచి, చెయ్యి ఇంకా అలాగే ఉందా అని చూస్తారు. తెగిన వేళ్ళు మళ్ళీ మొలుస్తాయేమోనని వాళ్ళ ఆశ కాబోలు.

భార్య పొద్దున ఒకటికి పదిసార్లు చెప్పి పంపింది. "అక్కడ మీరేం ముట్టుకోకండి. ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి. అడిగినదానికి జవాబు చెప్పండి, అంతే. మీ సంగతి నాకు తెలుసు."

ఆమెకు తెలియకపోవడమేం? పొరుగింటి తీగ మీది బట్టలు కూడా మడతపెట్టి గుమ్మంలో పెట్టి వచ్చే మనిషి అతను. చదివిన పేపరును మడతపెట్టకుండా వదిలేస్తే అతనికి నిద్రపట్టదు.

డాక్టరు గదిలో పరీక్షబల్ల మీద చిన్న దుప్పటి ఒకటి ఉండచుట్టుకుని పడి ఉంది. డాక్టరు లేడు. అరపూట చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గోడ చూశాడు. ఫ్యాను చూశాడు. దుప్పటి వైపు చూడకూడదనుకున్నాడు. చూశాడు. ఎవరో రోగి దిగి వెళ్ళినప్పుడు అలా లాగిపడేసి ఉంటారు. ఒక మూల నేలను తాకుతోంది. నేల తాకితే మళ్ళీ ఉతకాలి. మూల ఒక్కటే పైకి తీసిపెడదామని లేచాడు.

డాక్టరు వచ్చేసరికి దుప్పటి నాలుగు మడతల్లో, అంచులు కలిసి, బల్ల నడుమ బుద్ధిగా కూర్చుని ఉంది.

"ఎవరు మడతపెట్టారిది?"

"నేనే సార్."

"ఈ చేత్తోనా?" డాక్టరు వెటకారంగా అనలేదు. అతని కళ్ళల్లో నిజమైన ఆశ్చర్యం ఉంది. అదే కొంప ముంచింది. కసురుకుని ఉంటే అరపూట నోరు మూసుకునేవాడే. పొగిడేసరికి నోటి తాళం ఊడిపోయింది. లాండ్రీ గురించి, క్లిప్పు గురించి, గోడలాంటి దొంతర గురించి, మేస్త్రీ "బాగుంది" అనడం గురించి అంతా చెప్పేశాడు. డాక్టరు తలూపుతూ విన్నాడు, రాసుకున్నాడు.

"మంచిదండీ. మీరు పూర్తి పని చేయగల మనిషి. ఇంక పింఛను అక్కర్లేదని రాస్తున్నాను."

అరపూటకు మొదట సంతోషం కలిగింది. అది ఎంత పొరపాటు సంతోషమో రెండు క్షణాల తర్వాత గాని తెలియలేదు.

"కాదు సార్... నేను చెయ్యలేను."

"ఇప్పుడేగా చేస్తానన్నారు?"

"చేస్తాను సార్. కానీ..." చేయగలనంటే పింఛను పోతుంది. చేయలేనంటే ఇన్నాళ్ళూ చేసింది ఏమిటి?

డాక్టరు చెడ్డవాడు కాదు. "మీకు పని సరిగ్గా రాదని మీతో పనిచేసేవాళ్ళెవరైనా వచ్చి చెబితే వింటాను. రేపు కాగితం పైకి పంపుతా. ఆలోపు తీసుకురండి" అన్నాడు.

వీధిలో అరపూట కాళ్ళు ఇంటివైపు వెళ్ళలేదు, లాండ్రీ వైపు తిరిగాయి. భార్యకు ఏమని చెప్పాలి? ముందు మేస్త్రీని అడగాలి. పూర్తి పూట పని ఇస్తాడా? ఇస్తే రోలరు దగ్గరే ఇస్తాడు. ఎందుకంటే పూర్తి పూటవాళ్ళంతా వంతుల వారీగా రోలరు దగ్గర నిలబడాల్సిందే. ఆ ఆవిరి చప్పుడు తలుచుకోగానే లేని వేళ్ళు మూడూ సలిపాయి. తన ఒంట్లో బాగున్నది ఎంత, పోయింది ఎంత అన్నది ఇన్నేళ్ళుగా తనకు తెలుసుననుకున్నాడు. ఇప్పుడు అడిగితే చెప్పలేడు.

వెనక తలుపు నుంచి మడతల గదిలోకి అడుగుపెట్టి ఆగిపోయాడు. మధ్యాహ్నపు వెలుతురులో ఆ గది ఇలా ఉంటుందని అతనికి తెలియదు. అక్క ఒక్కతే ఉంది. పొద్దున అతను వేసిన దొంతర ఆమె ముందుంది. పైనుంచి ఒక దుప్పటి తీసింది. విప్పింది. దులిపింది. అంచులు కలిపి మళ్ళీ మడిచింది. పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. ఆమె చేతుల్లో తొట్రుపాటు లేదు, విసుగూ లేదు. రోజూ చేసే పని చేస్తున్నట్టే చేస్తోంది.

అలా ఎంతసేపు నిలబడ్డాడో, అక్క తలెత్తి చూసింది. చేతిలోని దుప్పటి సగం విప్పినట్టే ఉండిపోయింది.

"ఈ పూట ఎందుకొచ్చావురా?"

"రాత్రి సర్దుకునేది ఇలాగా అక్కా?"

ఆమె సగం విప్పిన దుప్పటిని బల్ల మీద పెట్టింది. "మొదట్లో నువ్వు మడిచినవి వార్డులవాళ్ళు వెనక్కి పంపేవాళ్ళురా. మేస్త్రీకి తెలిస్తే నిన్ను మానిపించేస్తాడని..." అంది. "నీ కబుర్లు లేకపోతే ఈ గదిలో నాకు పొద్దెలా పోతుంది?"

అతనికి కోపం రావాలి అనిపించింది. రాలేదు. సిగ్గు మాత్రం చెవుల దాకా వచ్చింది. దాని వెనకే, ఎక్కడినుంచో తెలియకుండా, కొంచెం నవ్వు కూడా వచ్చింది. అక్కడ డాక్టరు మెచ్చుకుని ముంచాడు. ఇక్కడ ఈమె దాచిపెట్టి తేల్చింది. బల్లకు ఆనుకుని జరిగిందంతా చెప్పాడు.

"రేపు నాతో వచ్చి ఆయనకి ఇదే చెప్పక్కా."

"చెప్తే మేస్త్రీ దాకా వస్తుంది. పని ఉండదు నీకు."

"పింఛను లేకపోతే ఇల్లు ఉండదు."

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. అతను అలమర వైపు, పొద్దున తాను మురిసిపోయిన ఆ గోడలాంటి దొంతర వైపు చూశాడు.

"ఒక్కటి నిజం చెప్పు. నావి ఒక్కటైనా విప్పకుండా వదిలేశావా?"

"పిల్లల వార్డువి" అంది వెంటనే. "చిన్నవి కదా, నీ చేతికి బాగా వస్తాయి. అవి నేనెప్పుడూ విప్పలేదు. ఒట్టు."

అతను తలూపాడు. మూల బుట్టలో ఉతికిన పిల్లల దుప్పట్లు కొన్ని మిగిలి ఉన్నాయి. ఒకటి తీసి, మూలను క్లిప్పుకిచ్చి, నెమ్మదిగా లాగాడు. అంతలో తలుపు దగ్గర మేస్త్రీ గొంతు వినిపించింది.

"ఒరేయ్ అరపూటా! ఈ వేళప్పుడు నువ్వేంట్రా ఇక్కడ? ఎవరైనా చూస్తే నీ పింఛను ఊడిపోతుంది. పో, బయటికి పో!"

అరపూట ఎప్పుడూ మేస్త్రీ మాట జవదాటలేదు. ఇవాళ కూడా దాటలేదు. "వస్తానక్కా" అని, చేతిలోని అంచు బల్ల మీద వదిలి, వచ్చిన తలుపు నుంచే వెళ్ళిపోయాడు.

మర్నాడు అక్క పింఛను ఆఫీసుకు వెళ్ళి, అతని పక్కన నిలబడి, అతని మడతలు పనికిరావని చెప్పింది. చెబుతున్నంతసేపూ నేలచూపులు చూసింది. డాక్టరు రాసినది కొట్టేశాడు. సాయంత్రానికి మేస్త్రీకి తెలిసింది. ఇక రానక్కర్లేదని కబురు పంపాడు. ఆ కబురు విని అరపూట భార్య, "పోనీలెండి, పింఛను నిలిచింది" అంది. "నిలిచింది" అన్నాడతను. ఆ తర్వాత తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ముట్టుకోవడానికి ఏమీ లేదు.

మడతల గదిలో అక్క దొంతరలన్నీ ఎత్తి అలమరలో సర్దింది. బల్ల తుడిచింది, ఆ ఒక్క చోటు తప్ప. అక్కడ బల్ల అంచున మేకుతో బిగించిన చెక్క క్లిప్పు, పిల్లల వార్డు దుప్పటి మూలను ఇంకా వదలకుండా పట్టుకుని ఉంది.