తలుపు టీచరమ్మ

టీచరమ్మ తలుపు కొంచెం తోసి ఆగింది. "ఇదేం కోణం?"

"లఘుకోణం!" క్లాసంతా గొంతు చించుకుంది. ఇంకాస్త తోస్తే తలుపు గోడకు సరిగ్గా అడ్డంగా నిలిచింది. "లంబకోణం!" బడిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. తలుపు టీచరమ్మ అంటే చాలు.

ఇవాళే ఆమెకు ఆఖరి రోజు. ఈ పాఠం పూర్తిచేసి మరీ రిటైరవ్వాలని పట్టుపట్టింది, అదీ వెనక బెంచీ పిల్ల కోసం. పరీక్షలో లంబకోణం కంటే పెద్దదైన గురుకోణాన్ని చూసి ఆ పిల్ల లఘుకోణమని రాసింది. ఎందుకలా రాశావంటే, "గీతలు పొట్టిగా ఉన్నాయి కదా మేడం" అంది.

ఆ పిల్లను తలుపు దగ్గరికి పిలిచేలోపే హెడ్మాస్టరు వడ్రంగిని వెంటేసుకుని వచ్చాడు.

"మేడం, ఈ తలుపు తీసేస్తున్నాం. పక్కకి జరిగేది పెడతారు. జాగా కలిసొస్తుంది."

"పక్కకి జరిగే తలుపుకి కోణమెక్కడుంటుందండీ?"

"తెర మీద బొమ్మలు చూపిస్తాంలెండి."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. "ఒక్క పూట ఆగలేరా? పాఠం మధ్యలో తలుపు పీకుతారా? వీళ్లు పిల్లలా, బెంచీలా?"

హెడ్మాస్టరు గడియారం చూసుకుని వెళ్లిపోయాడు. జవాబు చెప్పక్కర్లేని కుర్చీ అంటే అదే. వడ్రంగి తలవంచుకుని మరలు విప్పసాగాడు.

"మధ్య మడతబందు మాత్రం ఉంచు బాబూ. రేపు తీసుకుందువుగాని."

తలుపు వెళ్లిపోయింది. చౌకట్టుకు అరచేయంత ఇనప బందు మిగిలింది. టీచరమ్మ పిల్లను పిలిచింది. "ఇదే తలుపనుకో తల్లీ. తొయ్యి."

పిల్ల వేలితో బందు రేకును తోసింది. లంబకోణం దాటాక ఆపింది. రేకు ఎంత తెరుచుకుందో వంగి చూసింది.

"గురుకోణం."

"ఇంత పొట్టిది కదే?"

"పొట్టిదైతేనేం మేడం, లంబకోణం దాటి తెరుచుకుంది."

టీచరమ్మ ఆ పిల్ల తల నిమిరింది. సంతోషమైతే కలిగింది గానీ కోపం మాత్రం చల్లారలేదు. ఈ ఒక్క మాట కోసం తలుపే ఊడాలా? తెర ముందు కూర్చోబోయే పిల్లలకు ఎవరు దిక్కు? గంట కొట్టగానే సంచీ భుజాన వేసుకుంది. హెడ్మాస్టరు గది వైపు కన్నెత్తి కూడా చూడకుండా గేటు దాటింది.

ఖాళీ చౌకట్టులో ఆ బందు, పిల్ల తోసినంత మేర తెరుచుకుని, అలాగే ఉంది.