ఏ ఊరి మనుషులు

జేసీబీ వచ్చినప్పుడు మారెన్న గుడిసెలో సంగటి కెలుకుతున్నాడు. బయట అరుపులు వినబడ్డాయి గానీ, కాలువ గట్టు మీద అరుపులు రోజూ ఉండేవే కదా అని లేవలేదు. అసలే చెవులు మందం. డ్రైవరు ఇనప తొండం ఎత్తి ఆ గుడిసె నెత్తిన దించబోయే ముందు ఒకసారి హారను కొట్టాడు. నోటీసు అంటే అదే.

కమలమ్మ పరుగెత్తి ముసలాయన చెయ్యి పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చింది. వాళ్ళు పక్కకు తప్పుకున్నారో లేదో వెదురు బొంగులు, టార్పాలిను, చాపలు అన్నీ ఒక్క ముద్దయి కాలువలో పడ్డాయి. సంగటి కుండా పోయింది. మారెన్న చేతిలో తెడ్డు మాత్రం మిగిలింది. దానికి అంటుకున్న ముద్దను చూసుకుంటూ అలాగే నిలబడిపోయాడు.

నంద్యాలలో ఆ గట్టు మీద ముప్పై గుడిసెల దాకా ఉండేవి. గోదాముల్లో విత్తనాలు ఏరే ఆడవాళ్ళు, బియ్యం మూటలు మోసే మొగవాళ్ళు, రిక్షాలు తొక్కేవాళ్ళు. కమలమ్మ కూడా పత్తి విత్తనాలు ఏరే పనికే పోతుంది. ఆమెది ఆళ్ళగడ్డ. మొగుడు అబ్రహాము అక్కడ శిల్పాల షెడ్లలో రాయి కోసేవాడు. రాతిదుమ్ము మింగి మింగి ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. ఆయన పోయాక అద్దె కట్టలేక నంద్యాల చేరింది. మారెన్న నల్లమల అంచున ఒక గూడెం నుంచి దిగివచ్చిన మనిషి. అడవిలో పనులు తగ్గిపోయాక కిందికొచ్చి, చీపుర్లు కట్టి అమ్ముకుంటున్నాడు.

పక్క గుడిసె శాంసన్ తాపీ మేస్త్రీ. అతడు పోయి జేసీబీ ముందర అడ్డంగా పడుకున్నాడు. వసతి విభాగం అధికారి జీపు దిగి వచ్చాడు. కోప్పడలేదు. మెత్తగానే మాట్లాడాడు.

"మిమ్మల్ని రోడ్డున పడేయడం లేదమ్మా. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళ కోసం కేంద్రం నిధులిచ్చింది. మంచి షెల్టరు కట్టాం. మంచాలున్నాయి, బాత్రూములున్నాయి. ట్రాక్టర్లు తెప్పించాను, సామాన్లు ఎక్కించుకోండి. ఆరు నెలల్లో పక్కా ఇళ్ళు కూడా వస్తాయి."

కమలమ్మ నమ్మింది. చదువుకున్నవాడు, అంతమంది ఎదుట చెప్పిన మాట ఎందుకు తప్పుతాడు అనుకుంది. తానే వెళ్ళి శాంసన్ భుజం పట్టుకుంది.

"లెయ్యప్పా. సారు చెప్తాండాడు గదా. మనం మొండికేస్తే ఆ వచ్చేది గూడా రాదు."

"మాటలు ఎవురైనా చెప్తారక్కా," అన్నాడు శాంసన్. కానీ లేచాడు.

ట్రాక్టర్లు ఊరి చివర రెండంతస్తుల కొత్త భవనం ముందు వాళ్ళను దించి వెళ్ళిపోయాయి. నెత్తిన పెద్ద బోర్డు: నిరాశ్రయుల వసతి గృహం. కింద గేటుకు తాళం. వాచ్‌మన్ బీడీ పారేసి వచ్చి, "తాళం నా కాడ ల్యా. కాంట్రాక్టరు కాడ ఉంది," అన్నాడు.

"మమ్మల్ని ఈడికే పంపిచ్చినారప్పా," అంది కమలమ్మ.

"నాకేం చెప్పలేదు మరి."

శాంసన్ గోడెక్కి కిటికీలోంచి చూశాడు. లోపల సిమెంటు మూటలు కప్పు దాకా ఉన్నాయి. టైల్సు పెట్టెలు, పైపులు. ఒక మూలన ఇనప మంచాలు, పైన కప్పిన ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా ఒకదానిమీదొకటి పేర్చి ఉన్నాయి. కాలువ గట్టు మీద వాకింగు ట్రాకు వేయబోయే కాంట్రాక్టరు సరుకది.

ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. బయటి వరండా సన్నది. పిల్లలున్న ఆడవాళ్ళు గోడకు ఆనుకుని కూర్చుంటే, మిగిలినవాళ్ళు టార్పాలిన్ల కింద ముడుచుకున్నారు. మారెన్న గేటుకు వేసిన తాళాన్ని చేత్తో పట్టుకుని చూశాడు.

"అడివిలో ఐతే నాలుగాకులు అడ్డం పెట్టుకుంటే ఇల్లు. ఈడ ఇల్లు కట్టి తాళం ఏసుకున్యారు. వీండ్లకు ఇల్లంటే ఏందో తెల్దు కమలమ్మా," అన్నాడు.

రెండు వారాలు అలాగే గడిచాయి. కమలమ్మ పని మానుకుని వసతి విభాగం ఆఫీసు చుట్టూ తిరిగింది. సారు మీటింగులో ఉన్నాడు. సారు కర్నూలు పోయాడు. సారు ఇప్పుడే లేచి వెళ్ళాడు. గోదాములో ఆమె చోట ఇంకొకరిని పెట్టుకున్నారు.

అప్పుడు ఉమామహేశ్వరమ్మ కబురు తెచ్చింది. ఆమె రోడ్లూడ్చే కార్మికుల యూనియన్‌లో పనిచేస్తుంది. వచ్చే ఏడు కేంద్రం నుంచి వచ్చే ఇళ్ళ నిధులు దేనికి పెట్టాలో జనాన్ని అడిగే సభ ఉందట. ఎవరైనా రావచ్చట.

అందరూ కలిసి పోయారు. తెల్లబట్టల పెద్దమనుషులు ముందు కుర్చీల్లో కూర్చున్నారు. వీళ్ళు వెనక గోడవారన నిలబడ్డారు. తెర మీద బొమ్మలు పడుతున్నాయి. కాలువ గట్టు మీద బండలు, పూల కుండీలు, రంగు దీపాలు. బొమ్మలో ఎవరో ఆడమనిషి కుక్కను పట్టుకుని నడుస్తోంది.

ఉమామహేశ్వరమ్మ చెయ్యెత్తింది. "సార్, ఇవి ఇండ్ల దుడ్లా, దీపాల దుడ్లా?"

"మురికివాడల అభివృద్ధి పద్దమ్మా అది," అన్నాడు అధికారి. "కాలువ గట్టు మురికివాడ కదా. దాన్నే అభివృద్ధి చేస్తున్నాం."

"ఆడుండే మనుషుల పేరు జెప్పి దుడ్లు తెస్తిరి. ఆ మనుషుల్నే పెరికేస్తిరి. ఇప్పుడు ఆడ బండలు పరుస్తారు. అభివృద్ధి ఎవురికి సార్?"

ముందు కుర్చీల్లో ఒకాయన వెనక్కి తిరిగి, "అభివృద్ధికి అడ్డం పడొద్దమ్మా. కాలువంతా కంపు కొట్టించినారు," అన్నాడు.

"మీ ఇండ్ల మోరీలు యాడికి పారతాండాయప్పా?" అన్నాడు శాంసన్. గోడవారన ఉన్నవాళ్ళు నవ్వారు. ముందున్నవాళ్ళు నవ్వలేదు.

కమలమ్మ గొంతు సవరించుకుంది. తిట్టడానికి కాదు, అడగడానికే వచ్చింది. "సార్, షెల్టరు తాళం తీపిచ్చండి చాలు. వానకు ముసలోళ్ళు తడుస్తాండారు."

"షెల్టరు నడపడానికి ఒక సొసైటీని పెట్టాలి. అది ఇంకా తేలలేదు. ఇల్లు కావాలంటే స్థలం ఉండాలి. స్థలం లేకపోతే ఫ్లాటు ఇస్తాం, దానికి బ్యాంకు లోను రావాలి. లోనుకు జీతం చూపించాలి." అధికారి ఒక్కొక్కటే ఓపిగ్గా చెప్పాడు. "అయినా మీలో చాలామందివి ఆళ్ళగడ్డ ఆధార్లు. మీకు ఇక్కడ హక్కెలా వస్తుంది? వెళ్ళి మీ ఊళ్ళో అడగండి."

బయటికొచ్చాక ఉమామహేశ్వరమ్మ, "తాళం పగలగొట్టల్ల. ఇంగ వేరే దావ ల్యా," అంది.

"కేసులు పెడతారు," అంది జయమ్మ. ఆమెకు ఇద్దరు చిన్నపిల్లలు. "నేను జైలుకు పోతే వీండ్లను ఎవురు చూస్తారు? మీకేం, యూనియనోళ్ళు."

"జయమ్మ చెప్పేది నిజమే," అంది కమలమ్మ. "ఒకసారి ఆళ్ళగడ్డకు పోయొస్తా. సారు చెప్పినాడు గదా."

"ఆ సారు చెప్పింది విన్నందుకే గదక్కా ఈ గతి," అన్నాడు శాంసన్. ఆ మాట ఆమెకు సూదిలా దిగింది. నిజం కాబట్టే దిగింది.

మరుసటి రోజు ఆమె, మారెన్న బస్సెక్కారు. మారెన్న గూడెం కూడా ఆళ్ళగడ్డ వైపుదే. శిరివెళ్ళ దాటేసరికే ముసలాయనకు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. కమలమ్మ కొంగు కప్పి ఆనించుకుంది.

ఆళ్ళగడ్డ ఆఫీసులో కుర్రాడొకడు వాళ్ళను కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. అంత మర్యాద ఆమె చాలా రోజులుగా ఎరగదు. కంప్యూటరులో చూసి తల పైకెత్తాడు.

"మీ పేర్లున్నాయమ్మా. ఇల్లు లేనివాళ్ళు ఇంతమంది అని చూపించి నిధులడిగినప్పుడు మిమ్మల్నీ లెక్కేశారు."

"అట్లయితే మాకు వస్తాది గదా, నాయనా?"

"రాదమ్మా. మీరు ఈ ఊళ్ళో ఉండటం లేదు కదా. నంద్యాలలో అడగాలి. వాళ్ళూ మిమ్మల్ని లెక్కేసుకునే ఉంటారు. కాలువ గట్టు జనాభా అని."

కుర్రాడు దాచకుండా చెప్పాడు. అందులో దాచవలసింది ఉందని అతనికి తోచినట్టు లేదు.

బయట శిల్పాల షెడ్ల దగ్గర కమలమ్మ ఆగిపోయింది. రామసుబ్బమ్మ అక్కడే ఉంది, అబ్రహాముతో కలిసి పనిచేసిన మనిషి. ఎవరి గుడికో పోవలసిన నల్లరాతి విగ్రహాన్ని కూర్చుని నున్నగా రుద్దుతోంది. షెడ్ల వెనక రోడ్డు వారగా ప్లాస్టిక్ పట్టలు కట్టుకుని పది ఇళ్ళవాళ్ళున్నారు.

కమలమ్మ జరిగిందంతా చెప్పింది. రామసుబ్బమ్మ రుద్దడం ఆపింది.

"మీ షెల్టరు గురించి మాకు తెలుసక్కా. మేం ఈడ షెల్టరు అడిగితే, నంద్యాలలో కట్టినాం గదా, ఆడికి పొమ్మన్యారు."

కమలమ్మ పక్కనున్న రాతి దిమ్మె మీద కూర్చుంది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది: ఎక్కడో ఒక సారు ఉన్నాడు, అతనికి సంగతి తెలియదు, తెలిస్తే తాళం తీస్తాడు. ఇప్పుడు ఆ సారు ఎక్కడా లేడని అర్థమైంది. అందరికీ తెలుసు. తెలిసే ఇది ఇలా నడుస్తోంది.

"దుడ్లు తెచ్చుకునేటప్పుడు మనం రెండూర్లోళ్ళమూ అయితిమి," అంది చివరికి. "ఇచ్చేటప్పుడు యా ఊరోళ్ళమూ కాకపోతిమి."

"మరి ఏం జేస్తావక్కా?"

"తెల్దు. మీరూ మేమూ వేరేవేరేగా అడగబట్టే బంతి మాదిరి తన్నుతాండారు. అదొక్కటి తెలిసింది."

నంద్యాల చేరాక మారెన్న లేవలేదు. ఒళ్ళు కాలిపోతోంది. ఆసుపత్రిలో డాక్టరు సూది వేసి, మందులిచ్చి, తడవకుండా వెచ్చగా పడుకోబెట్టమని చెప్పింది. చెప్పింది సరైన మాటే. ఎక్కడ పడుకోబెట్టాలి? వరండాలో జల్లు పడని మూల చూసి పడుకోబెట్టారు. జయమ్మ తన పిల్లల దుప్పటి తెచ్చి కప్పింది. మర్నాడు తెల్లవారుతుండగా టీ తాగిద్దామని కమలమ్మ తల ఎత్తబోతే మెడ వాలిపోయింది. తలను మళ్ళీ కింద పెట్టడానికి ఆమెకు చేతులు రాలేదు. ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. ఆయన వీపు వెనక గోడ. గోడకు అవతల మంచాలు.

జనం చుట్టూ చేరారు. ఎవరూ గట్టిగా ఏడవలేదు. జయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వాచ్‌మన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

కమలమ్మ శాంసన్‌ను చూసింది. "గడ్డపార యాడుంది?"

"ఈడనే ఉందక్కా."

"పగలగొట్టు."

శాంసన్ జయమ్మ వైపు చూశాడు. ఆమె నోట్లోంచి కొంగు తీసి, "చూస్తావేందన్నా, పగలగొట్టు," అంది.

తాళం రెండు దెబ్బలకే ఊడింది. ఇంత తేలిగ్గా పోయేదా ఇది, దీని ముందా మనం ఇన్ని రోజులు కూర్చున్నది అని అందరికీ కోపం వచ్చింది. ఆ కోపంలో కొందరు సిమెంటు మూటలను చింపబోయారు. కమలమ్మ అడ్డం నిలబడింది.

"వొద్దు. ఒక్క మూట చినిగినా దొంగలంటారు. మోసి బయట పెట్టండి."

బియ్యం మూటలు మోసే భుజాలు కదా, పొద్దెక్కేలోపు సరుకంతా బయట టార్పాలిన్ల కింద వరసగా పేర్చారు. లోపల మంచాలు వేశారు. మొదటి మంచం మీద మారెన్నను పడుకోబెట్టారు. వానలో తడుస్తూ ఏ టార్పాలిన్ల కింద బతికారో ఆ టార్పాలిన్లు ఇప్పుడు సిమెంటుకు కప్పి ఉన్నాయి. మనుషులు కప్పు కింద ఉన్నారు.

కాంట్రాక్టరు పోలీసులతో వచ్చాడు. అధికారి కూడా వచ్చాడు. మంచం మీద శవాన్ని చూసి గుమ్మంలోనే ఆగాడు.

"ఎవరీయన?"

"మీరు ట్రాక్టరెక్కించిన మనిషే సార్," అంది కమలమ్మ. "నేనే నచ్చజెప్పి ఎక్కిచ్చినా. ఇంగ ఎవురికీ నచ్చజెప్పను."

మారెన్నను మట్టి చేయడానికి పొద్దువాలే దాకా పోలీసులు ఆగారు. ఆళ్ళగడ్డ షెడ్ల మీదుగా కబురంది, ఆయన గూడెం నుంచి ఇద్దరు వచ్చి తమ పద్ధతిలో సాగనంపారు. శ్మశానం గేటు దగ్గరే వ్యాను పెట్టి అందరినీ ఎక్కించారు. షెల్టరుకు కొత్త తాళం పడింది.

స్టేషనులో నేల మీద వరసగా కూర్చోబెట్టారు. సీఐ ఒక్కొక్కరినే అడుగుతున్నాడు.

"పేరు?"

"కమలమ్మ."

"అడ్రసు?"

"నిరాశ్రయుల వసతి గృహం, నంద్యాల."

"అది అడ్రసు కాదు. అందులోకి దూరినందుకే కదా కేసు."

"నాకు వేరేది ల్యా సార్."

తర్వాత శాంసన్ అదే చెప్పాడు. జయమ్మ ఒళ్ళో పిల్లను సర్దుకుంటూ అదే చెప్పింది. సీఐ పెన్ను బల్ల మీద పడేశాడు. మళ్ళీ అటువైపు పోమని ఒక్క మాట రాసి వేలిముద్ర వేస్తే ఇప్పుడే వదిలేస్తానన్నాడు. చంటిపిల్లల తల్లులు ముందు వేయవచ్చన్నాడు. ఎవరూ లేవలేదు. అందరూ జయమ్మను చూశారు. ఆమె పిల్లకు పాలివ్వడం మొదలుపెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఆ సమయంలో సీఐ ఫోను మోగింది. అవతలి గొంతు కంగారుగా ఉంది, గదంతా వినబడింది. షెల్టరు తాళం మళ్ళీ పగిలింది సార్. వీళ్ళు కాదు, వేరే జనం. ఆళ్ళగడ్డ నుంచి రాళ్ళ లారీలో దిగారు. వంటగిన్నెలు కూడా తెచ్చుకున్నారు. రామసుబ్బమ్మ అంట ఎవరో, మమ్మల్ని ఇక్కడికి పొమ్మన్నది మీవాళ్ళే కదా అంటోంది.

సీఐ ఫోను పెట్టేసి కమలమ్మను చూశాడు. "ఎవరే ఆ రామసుబ్బమ్మ?"

"మా ఊరామె సార్," అంది కమలమ్మ.

బయట వ్యాను స్టార్టయింది. గది ఇప్పటికే ఇరుకుగా ఉంది. కమలమ్మ వీపును గోడకు ఆనించి, కాళ్ళు దగ్గరికి ముడుచుకుని, పక్కకు తిరిగి తనవాళ్ళతో చెప్పింది.

"జరగండమ్మా, జరిగి కూచోండి. ఇంగా మంది వస్తాండారు."