నా పేరున ఒక విమానం

“విమానం తోలిన మనిషివి, కిరసనాయిలు పొయ్యి తోలలేవేటి?”

మా ఆయన ఆ మాట అనడం ఎన్నోసారో నేను చెప్పలేను. ఆ పొద్దున వత్తులు సరిగ్గా అంటుకోక వంటిల్లంతా పొగ. ఆయన గూడ్సు బండి గార్డు. డ్యూటీకి వెళ్లేలోగా క్యారేజీ కట్టాలి, అత్తకి జావ కాయాలి, మా అమ్మాయి రత్నం స్కూలు బట్టలు ఇస్త్రీ చేయాలి. పొగకి కళ్ళు మండుతుంటే ఆయన నవ్వుతూ అన్నారు. పెళ్లయిన కొత్తలో ఆ మాటలో కొంచెం గొప్ప ఉండేది. బాగ్‌బేరా రైల్వే కాలనీలో ఎవరింటికి భోజనానికి వెళ్లినా, “మా ఆవిడ విమానం తోలింది, తెలుసా?” అనేవారు. అందరూ నా వైపు చూసేవారు. నేను చీర చెంగు సర్దుకునేదాన్ని. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గొప్ప అరిగిపోయి ఎగతాళి మిగిలింది. కూరలో ఉప్పెక్కువైనా, సైకిల్ రిక్షా ఎక్కుతూ నేను తడబడినా అదే మాట. “విమానం తోలిన మనిషివి!”

నిజంగానే తోలాను. మా నాన్న ఉక్కు కంపెనీలో ఫిట్టరు. మా ఊళ్లోనే సోనారీ మైదానంలో ఫ్లయింగ్ క్లబ్బుండేది. కాలేజీ పిల్లలకు తక్కువ ఫీజుకి నేర్పుతున్నారని తెలిసి నాన్న నన్ను సైకిల్ ముందు కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. అరవై ఒకటిలో, నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, ఒక పొద్దున మాస్టారు విమానం దిగి, ఖాళీ అయిన తన సీటు బెల్టు కట్టేసి, “ఇక నువ్వెళ్లు” అన్నారు. ఆయన బరువు లేకపోయేసరికి విమానం నేను అనుకున్నదానికన్నా ముందే నేల విడిచింది. ముందు సీటు ఖాళీ. నెత్తిమీద కప్పు లేదు, గాలి మొహానికి కొడుతోంది. కింద మా ఊరి రెండు నదులూ కలిసే చోట ఎండ పడి నీళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. భయం వేయలేదు. ఇంత పెద్దది ఇన్నాళ్లూ నా నెత్తిమీదే ఉందా అనిపించింది.

మరుసటి ఏడు పెళ్లి. చూపుల రోజున మా అత్త నూకాలమ్మ వక్క కొరుకుతూ తేల్చేసింది. “పిల్ల బాగుంది గానీ, ఆ గాల్లో తిరుగుళ్లు మానిపించాల. మా ఇంటి కోడలు నేల మీదుండాల.” నాన్న నా వైపు చూసి, తల దించుకుని, సరేనన్నాడు. ముప్పై ఒక్క గంటలు ఎగిరినట్టు రాసి ఉన్న నా లాగ్ పుస్తకం పెట్టె అడుగున చీరల కిందికి పోయింది.

తరవాత పంతొమ్మిదేళ్లు ఏం చేశావని ఎవరైనా అడిగితే, ఒక్కటీ గుర్తొచ్చేట్టు చెప్పలేను. వండాను, ఉతికాను, ఒక బిడ్డని కన్నాను, ఇద్దరిని పోగొట్టుకున్నాను. కాలనీ ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టాను. కుట్టు మిషన్ తొక్కుతున్నప్పుడు ఒక్కోసారి, సోనారీ నుంచి లేచిన విమానం చప్పుడు వినపడేది. చెయ్యి గుడ్డ మీద ఆగిపోయేది. నేలమీద పరుగెత్తే విమానం పక్కకి మళ్లిపోకుండా పాదాలతో సర్దుకోవాలి. ఆ చప్పుడు వినపడగానే నా పాదాలు పెడల్ మీద ఒకదాని తరవాత ఒకటి కదిలేవి. గుమ్మంలో కూచున్న అత్త అరిచేది. “ఏటే, మిసను ఆగిపోనాది?”

పొయ్యి పొగ కమ్మిన ఆ రోజే, మధ్యాహ్నం గణపతి బాబాయ్ వచ్చాడు. ఫ్లయింగ్ క్లబ్బులో విమానాలు బాగుచేసే మెకానిక్కు, మా నాన్న స్నేహితుడు. నాన్న పోయాక మా ఇంటికి రావడం అదే మొదలు. సైకిల్ గోడకి ఆనించి, ఎదురుగా కూర్చుని, టీ తాగాడు.

“అమ్మీ, ఓ పనుంది,” అన్నాడు. “జుగ్సలాయి బజారు సేఠ్ ఒకాయన పుష్పక్ అని రెండు సీట్ల సిన్న విమానం కొన్నాడు, సరదాకి. రెండుసార్లెక్కి కళ్లు తిరిగి ఒగ్గీసినాడు. మూడేళ్ల నుంచీ హ్యాంగర్లో ఓ మూల పడున్నాది. రెక్కల గుడ్డ ఎలకలు కొరికీసినాయి. అమ్ముదామంటే ఆ రూపులో ఎవలూ కొనరు. కొత్త గుడ్డెయ్యాల. కుట్టే ముసిలాయనకి సూపు పోనాది. నీ సెయ్యి మంచిదని మీ నాన్న సెప్పేవోడు.”

మా ఆయన ఒప్పుకున్నారు. “కుట్టుపనే గదా. పొద్దిన్నే పని సేసుకుని ఎల్లు, నానొచ్చేలోగా రా,” అన్నారు. కుట్టుపని కాబట్టి ఒప్పుకున్నారు. ఎగరడమంటే ఒప్పుకునేవారు కాదని ఇద్దరికీ తెలుసు.

హ్యాంగర్‌లో అడుగు పెట్టగానే నిలబడిపోయాను. పాత గుడ్డంతా ఒలిచేసిన రెక్క రెండు బల్లల మీద పడుకోబెట్టి ఉంది. లోపలంతా సన్నటి పక్కటెముకలు, వాటి మధ్యగా పోయే తీగలు. ఇంత పలచగా ఉన్నదా మనిషిని మోసింది! విమానంలో కూర్చుని తిరిగిన రోజుల్లో నేను దీని లోపలేముందో ఎప్పుడూ చూడలేదు. వేలితో ఒక ఎముక మీద రాస్తే సన్నగా దుమ్ము లేచింది. పెద్ద పక్షి ఏదో చచ్చిపోయి, దాని ఒళ్లు శుభ్రంగా ఎండిపోయినట్టుంది. దానికి మళ్లీ చర్మం తొడగమని నన్ను పిలిచారు.

పని రెండు నెలలు సాగింది. దుప్పటంత వెడల్పు నూలు గుడ్డలు కలిపి కుట్టి రెక్కకి తొడిగాం. తరవాత ముళ్లు. మూరెడు పొడవు సూది పైనుంచి దింపితే, బాబాయ్ రెక్క కింద కూర్చుని అందుకుని మళ్లీ పైకి పంపేవాడు. ప్రతి ఎముక పొడుగునా నాలుగు వేళ్లకో ముడి. “ఒక్క ముడి వదిలీసినావంటే గాల్లో గుడ్డ లెగిసిపోద్దమ్మీ,” అనేవాడు. నేను ఒక్కటీ వదల్లేదు. పంతొమ్మిదేళ్లలో ఎవరి జాకెట్టు కుట్టినా, కొంచెం బిగువైందనో వదులైందనో నాలుగు మాటలు పడ్డాను. ఇక్కడ నా కుట్టు మీద ఒక ప్రాణం ఆధారపడబోతోంది. బాబాయ్ టార్చి లైటు వేసి ప్రతి ముడినీ చూసి, తల ఊపి, ఏమీ అనకుండా ముందుకి జరిగేవాడు. ఆ తల ఊపడం కోసం నేను పొద్దున్నే నాలుగింటికి లేచి ఇంటి పని ముగించేదాన్ని.

చివరగా గుడ్డ మీద డోపు పూశాం. అరటిపళ్లు మాగిన వాసనలా ఉండే ఘాటు మందు. అప్పటిదాకా వదులుగా వేలాడిన గుడ్డ, మందు ఆరేకొద్దీ నా కళ్ల ముందే బిగిసింది. మూడో పూత ఆరాక బాబాయ్ వేలితో కొట్టి చూపించాడు. డప్పు మోగినట్టు మోగింది. ఈ ముళ్లని నమ్ముకుని ఎవరో గాల్లోకి వెళ్తారు అనుకున్నాను. అనుకున్న మరుక్షణం, ఎవరో ఎందుకు, అనిపించింది.

ఆ నెలలోనే పలాస దగ్గర మా అమ్మ పేరునున్న జీడితోట పుట్టింటివాళ్లు అమ్మి నా వాటా నాకు పంపారు. దానితో వైజాగులో ఇంటి స్థలం తీసుకోవాలని మా ఆయన అప్పటికే మాట్లాడి ఉంచారు. నాతో తప్ప అందరితో మాట్లాడారు. అన్నం వడ్డిస్తూ చెప్పాను.

“సేఠ్ దగ్గర ఆ విమానం నేను కొంటున్నానండీ.”

ఆయన ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. రత్నం కంచం ముందు నుంచి లేచి నిలబడింది. “సచ్, మా? తుమ్ ఉడావోగీ?” అని స్కూలు హిందీలో అడిగింది. నువ్వే నడుపుతావా అని. తండ్రి జోకుల్లో తప్ప ఆ పిల్లకి నా ఎగరడం గురించి ఏమీ తెలియదు.

“మతి పోనాదేటి?” అన్నారాయన. “గార్డు పెళ్ళాం విమానం కొన్నాదంటే నలుగురూ నవ్వుతారు.”

“నవ్వనివ్వండి. ఇన్నాళ్లూ మీరే నవ్వించేరు కదండీ.”

ఆ మాట నేను కోపంగా అనలేదు. చారు గిన్నె కింద పెడుతూ అన్నాను. అయినా అత్త గోడకేసి తిరిగి కూర్చుంది. మా ఆయన తరవాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు డ్యూటీకి వెళ్తూ అడిగారు. “పోనీ, కాయితాలెవల పేరున?”

“తోట మా అమ్మది, కుట్టింది నేను. ఇంకెవరి పేరునుంటాది?”

క్యారేజీ అందుకుని వెళ్లిపోయారు. నేను ఇక అనుమతి అడగలేదు, ఆయన ఇవ్వనూ లేదు.

కాగితాల పనికి కలకత్తాలో విమానాల ఆఫీసుకి వెళ్లాను. బల్ల వెనక గుమాస్తా నన్నూ నా చేతి సంచీనీ చూసి, భర్త ఒప్పుకున్నట్టు ఉత్తరం ఏదని అడిగాడు. అలాంటి రూలుందా అంటే, రూలు లేదుగానీ సాధారణంగా, అని నసిగాడు. “అయితే రూలున్నవన్నీ ఇస్తాను,” అన్నాను. పైలట్ల డాక్టరు పరీక్షలో నా కళ్లు బాగున్నాయన్నాడు. నలభై ఏళ్లకి దగ్గర పడ్డ మనిషి ఒంట్లో ఒకటి బాగుందని ఒకరు కాగితం మీద రాసివ్వడం నాకదే మొదటిసారి. ఆ కాగితం రైల్లో మూడుసార్లు తీసి చదువుకున్నాను.

విమానాన్ని పొద్దుటి పూట క్లబ్బు పిల్లలకి నేర్పడానికి ఇచ్చాను. దానికి బదులుగా నాకు పెట్రోలు, హ్యాంగర్‌లో చోటు, పాఠాలు. మొదటి రోజు కొత్త మాస్టారు పక్క సీట్లో కూర్చున్నారు. బాబాయ్ విమానం ముందు నిలబడి దాని ముక్కుకున్న ఫ్యాను చేత్తో తిప్పాడు. ఇంజను అంటుకుంది. నాకు ఒక్క పాఠం కూడా గుర్తు లేదు. విమానం పరుగెత్తడం మొదలెట్టాక నా పాదాలు వాటంతటవే పని చేశాయి. తోక లేచింది, చక్రాల చప్పుడు ఆగింది, నేల కిందికి జారిపోయింది. కిటికీలోంచి తలెత్తి రెక్క వైపు చూశాను. నేను వేసిన ముళ్ల వరసలు, వాటి మీద అతికించిన గుడ్డ పట్టీలు. వాటి వెనక ఆకాశం. అవి కదల్లేదు. నాకు ఏడుపొచ్చింది. మాస్టారు మర్యాదగా అటు తిరిగి నది చూశారు.

దిగాక లాగ్ పుస్తకంలో రాసుకున్నాను. పై వరసలో అరవై రెండు, జనవరి. కింది వరసలో ఎనభై ఒకటి, నవంబరు. మధ్య ఒక్క ఖాళీ వరసయినా లేదు. నా పెళ్లి, కాపురం, కాన్పులు, అన్నీ ఆ రెండు వరసల మధ్య గీతలో పట్టేశాయి. ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

ఎనిమిది నెలలకి లైసెన్సు వచ్చింది. పక్కన మరో మనిషిని ఎక్కించుకుని ఎగరవచ్చు. మొదట రత్నాన్ని తీసుకెళ్లాను. దిగాక అది ఎవరితోనూ మాట్లాడకుండా మైదానమంతా రెండు చుట్లు పరుగెత్తింది. మా ఆయన్ని అడిగితే, “నాకు గూడ్సు బండెనక బ్రేక్ వ్యానే సాలు” అన్నారు. ఆ మాటలో వెటకారం లేదని గమనించాను. పొయ్యి దగ్గర పాత మాట అనడం కూడా ఎప్పుడో మానేశారు.

విశ్వకర్మ పూజ రోజు ఊళ్లో ప్రతి యంత్రానికీ పూల దండ వేస్తారు. హ్యాంగర్‌లో విమానాలకీ వేశారు. నేను బయల్దేరుతుంటే అత్త గుమ్మం దగ్గర చెప్పులేసుకుని నిలబడి ఉంది.

“నానూ వత్తాను,” అంది.

“పూజకా అత్తా?”

“పూజ కాదే. పైకి.”

ఆవిడకి డెబ్బై దాటాయి. నిజంగా అంటోందా అని మొహంలోకి చూశాను. కొత్త చీర కట్టుకుంది. గణపతి బాబాయ్ స్టూలు వేసి ఎక్కించాడు, నేను బెల్టు బిగించాను. “గట్టిగా కట్టే, నాను సన్నదాన్ని, జారిపోతాను,” అంది. విమానం లేచేప్పుడు కళ్ళు మూసుకుని నూకాలమ్మ తల్లిని తలుచుకుంది. తన పేరున్న ఊరి దేవతని. చప్పుడు కాస్త సర్దుకున్నాక కళ్ళు తెరిచింది.

వానలు వెలిసిన సెప్టెంబరు. ఎర్రటి కంపెనీ పొగ ఒక పక్కకి వాలి ఉంది. ఖర్కాయీ సువర్ణరేఖా రెండూ నిండుగా వచ్చి కలుస్తున్నాయి, ఒకటి బూడిద రంగు, ఒకటి ఎరుపు. కలిశాక కూడా చాలా దూరం వేరుగానే ప్రవహిస్తున్నాయి. మా కింద చిన్న తెల్ల మబ్బు ఒకటి, దాని నీడ పొలాల మీద నడుస్తోంది. అత్త మబ్బుని పైనుంచి చూసింది. నోరు కొంచెం తెరుచుకుంది. అరచెయ్యి కిటికీ అద్దానికి ఆనించి అలాగే ఉండిపోయింది. నేను నదుల పేర్లు చెప్పబోయి ఊరుకున్నాను. ఆవిడకి పేర్లు అక్కర్లేదు.

అలా ఎంతసేపు పోయిందో. ఇంజను చప్పుడులో వినపడాలని నా చెవి దగ్గరకి వంగింది.

“ఇంత బాగున్నదాన్ని ఇరవై ఏళ్లు నీకు నేకుండా సేసిందెవలే?”

ఆవిడ మళ్లీ కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి, నాతో కాదన్నట్టు, అద్దంతో అంది.

“నానే గదేటి.”

‘అదేం కాదులే అత్తా’ అన్న మాట నా నోటి దాకా వచ్చింది. ఎవరి మనసూ నొచ్చుకోకుండా సర్దిచెప్పడం ఇన్నేళ్ల అలవాటు. అనలేదు. ఆ మాటను ఆవిడ దగ్గరే ఉండనిచ్చి, ఎడమ రెక్క కొంచెం వంచి, దల్మా కొండల వైపు తిప్పాను.