మొగులమ్మ బోరు గీసిన గీత

బోరులో నీళ్లు ఎక్కడున్నాయో బొమ్మ గీసి చూపించే యంత్రాన్ని కర్దనూర్‌లో కనిపెట్టింది నేనే. నమ్మకపోతే ఊళ్లో అడగండి. అయితే నన్నే అడగండి, వేరేవాళ్లు పేరు తప్పు చెబుతారు.

మా చెల్లెలు మొగులమ్మకు ఊరి చివర కొంచెం చెలక నేల ఉంది. పాలకూర, కొత్తిమీర పండించి పటాన్‌చెరు మార్కెట్‌కు పంపుతుంది. ఈ ఎండాకాలం ఆమె బోరు మొరాయించింది. పొద్దున కాసేపు నీళ్లు, తర్వాత ఉత్త గాలి. బోరు చచ్చిపోయిందని తీర్మానించుకుని, ఉన్న ఒక్క పాడి బర్రెను బేరం పెట్టి, కొత్త బోరు కోసం రిగ్గు బండిని పిలిపించింది. అందులో నీళ్లు పడకపోతే కూరా ఉండదు, బర్రే ఉండదు.

నా మనవరాలు రవళి పటాన్‌చెరులో సర్క్యూట్ బోర్డుల కంపెనీలో టెస్టింగ్ పని చేస్తుంది. తుక్కు దుకాణంలో ఆమెకు ఒక క్యాలిక్యులేటర్ దొరికింది. మామూలుది కాదు, లెక్కను గీతగా గీసి చూపుతుంది. అడుగున తీగ పెట్టే చిన్న రంధ్రం. ఆ రంధ్రానికి తగిలించే పెట్టె ఒకటి తయారుచేస్తానని కూర్చుంది. ఫోనుండగా ఇదెందుకే అన్నాను. ఎండలో ఫోను తెర కనబడదు, ఇది ఎంత ఎండైతే అంత బాగా కనబడుతుంది అంది.

బోరులోకి దించే సెన్సర్ తన మీద ఎంత నీటి బరువుందో కరెంటుతో చెబుతుంది. క్యాలిక్యులేటర్‌కు ఆ భాష రాదు. పైగా సెన్సర్ గొంతు పెద్దది, దీని చెవి సున్నితం. ఆ గొంతు తగ్గించి, మాటను అంకెలుగా మార్చే దుబాసీయే రవళి పెట్టె. మొదటిసారి మోటరు పక్కన పెట్టగానే గీత పూనకం వచ్చినట్టు ఊగింది. మోటరు రొద తీగల్లోకి దూరుతోందని బోర్డు మళ్లీ గీసి, దాన్ని రేకు డబ్బాలో బిగించింది. ఆ డబ్బా నా జర్దా డబ్బా. నేను కనిపెట్టింది అంతవరకే. అదీ నేనిచ్చింది కాదు, నేను కునుకు తీస్తుంటే పట్టుకుపోయింది.

రిగ్గు రావలసిన పొద్దున సెన్సర్‌ను బోరులోకి దించాం. కరెంటు వచ్చినా నడవకుండా మొగులమ్మ మోటరు ఆపించాం. అప్పటికి కరెంటు లేదు. అరచేతంత తెర మీద గీత చీమ నడిచినట్టు పైకి పోతోంది, అంటే నీళ్లు ఊరుతున్నాయన్నమాట. ఇంతలో కరెంటు వచ్చింది.

మా దగ్గర మోటర్లన్నిటికీ ఆటో స్టార్టర్లే. కరెంటు రాగానే మనిషి అక్కర లేకుండా వాటంతటవే నడుస్తాయి. చుట్టుపక్కల చేలల్లో మోటర్లన్నీ ఒక్కసారే గుర్రుమన్నాయి. మా మోటరు ఆగే ఉంది. అయినా గీత బండ మీంచి జారినట్టు కిందికి పడిపోయింది.

“నా మోటరు ముట్టనే లేదు గదనే,” అంది మొగులమ్మ. “నీళ్లెట్ల దిగినయ్?”

“లోపల అందరిదీ ఒకటే నీరు, అవ్వా. గట్లు పైననే ఉన్నయ్,” అంది రవళి.

డెబ్బై ఏళ్లుగా ఆ నేల మీద నడుస్తున్నాను. పాదాల కింద, బండ సందుల్లో, మా చేనూ పక్క చేనూ ఒకే కుండలో మూతి పెట్టి తాగుతున్నాయని నాకు తెలియదు.

పక్క చేను ఐలన్నను పిలిపించాను. వరసకు నాకు బావ, ఎకసెక్కం లేనిదే నోరు తెరవడు.

“ఏంది బావా, జర్దా పెట్టి గంగమ్మను పిలుస్తున్నవా?”

మోటరు బంద్ చేసి రమ్మంది రవళి. మిగతా చేలకూ కబురు పోయింది. సణుక్కుంటూనే అందరూ ఆపి వచ్చారు. రిగ్గు బండి కూడా వచ్చి దారి పక్కన నిలబడింది. అందరం ఆ తెర మీదికి వంగాం. గీత ఆగింది. కాసేపటికి లేచింది. నేను బోరు కేసింగ్ పైపుకు చెవి ఆనించాను. కింద ఎక్కడో భూమి గుటకలు మింగుతున్న చప్పుడు వినిపించింది. ఐలన్న తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

“గిది సచ్చిన బోరు కాదు,” అంది మొగులమ్మ. “అలిసిన బోరు.”

లేచి వెళ్లి రిగ్గు డ్రైవరును వెనక్కి పొమ్మంది.

“ఇగ వంతులు పెట్టుకుందాం,” అన్నాడు ఐలన్న. “పొద్దుగాల నువ్వు పారిచ్చుకో మొగులమ్మా. మాపటికి నేను.”

ఆ రోజే తన ఆటో స్టార్టర్ ఊడదీశాడు. బర్రె కొట్టంలోనే ఉంది.

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. గుటకల చప్పుడు నేను కల్పించింది. చెవి ఆనించిన మాట నిజమే గానీ ఏమీ వినిపించలేదు. అంత నీరు లేస్తుంటే చిన్న చప్పుడైనా ఉంటుందనుకున్నాను. పైపు మీంచి తల ఎత్తి చూస్తే గీత ఇంకా లేస్తూనే ఉంది.